అమ్మడూ, ఆ స్పాయిలర్ ఇంట్లోనే బిగించుకోవచ్చు

విజయవాడ,
ఆదివారం

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను. సెల్లార్‌లో డిక్కీ ఎత్తినప్పుడు పైన పైపు తగిలి స్పాయిలర్, అదే డిక్కీ తలుపు మీద రెక్కలా ఉండే ప్లాస్టిక్ ముక్క, కుడి చివర చీలింది. అక్కడ దాన్ని రేకుకి పట్టి ఉంచే రెండు వైపులా అంటుకునే టేపు ఊడి కాస్త లేచింది. అంతే. రేకుకి సొట్ట లేదు, అద్దానికి దెబ్బ లేదు. సర్వీస్ సెంటర్ వాళ్లు మొత్తం మార్చాలన్నారని టెన్షన్ పడకు. పార్టు తీసి పార్టు వేయడమే వాళ్ల పని, అతికించడానికి వాళ్ల దగ్గర టైమ్ ఉండదు. ఆటోనగర్‌లో ఇన్నేళ్లు పనిచేసిన చేతితో రాస్తున్నాను, ఇది బాగయ్యే దెబ్బే. ఫోన్‌లో చెబితే మధ్యలో "తెలుసు నాన్నా" అంటావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

పని అయ్యేదాకా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కొద్దు. స్పాయిలర్ లేకపోతే ఊళ్లో తిరిగే బండి నడకకి వచ్చే నష్టమేమీ లేదు. సగం ఊడి వేలాడేదే ప్రమాదం. స్పీడులో గాలి కిందకి దూరితే లేచిపోయి వెనక బండి అద్దం మీద పడుతుంది.

ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యి. స్పాయిలర్ అంచులు ఎక్కడ కూర్చున్నాయో రేకు మీద మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టుకో, మళ్లీ బిగించేటప్పుడు అదే నీ కొలత. డిక్కీ తలుపు లోపలి ప్లాస్టిక్ మూత, అదే ట్రిమ్, క్లిప్పుల మీద ఉంటుంది. పాత ఏటీఎం కార్డుకి గుడ్డ చుట్టి మెల్లగా లేపు. ఒకటీ రెండూ విరుగుతాయి, అవి విడిగా దొరుకుతాయి. స్పాయిలర్‌లో ఉన్న బ్రేక్ లైటు వైరు ప్లగ్గుని, అదే కప్లర్‌ని, లాక్ నొక్కి తియ్యాలి, వైరు పట్టుకుని గుంజకూడదు. నట్లు విప్పేటప్పుడు అల్లుడుగారిని స్పాయిలర్ రెండు చేతులా పట్టుకుని నిలబడమను. స్పానర్ మాత్రం నీ దగ్గరే ఉంచుకో. ఇంకా అంటుకుని ఉన్న టేపుని హెయిర్ డ్రైయర్‌తో వెచ్చచేసి, చేపల గాలం దారంతో రంపంలా ఇటూ అటూ లాగితే తెగిపోతుంది. స్క్రూడ్రైవర్ దూర్చొద్దు. రేకు మీద గీత పడిందంటే వచ్చే వానాకాలానికి తుప్పు మొదలవుతుంది.

చీలిక సంగతి. లోపలి వైపు ఏబీఎస్ అని అచ్చు ఉందేమో చూడు. ఉంటే నీ అదృష్టం, ఆ ప్లాస్టిక్ అతుకుని బాగా పట్టుకుంటుంది. చీలిక ఆగిన చోట రెండు మిల్లీమీటర్ల చిన్న రంధ్రం వెయ్యి. విచిత్రంగా అనిపిస్తుంది కానీ ఆ గుండ్రటి రంధ్రమే చీలికని ముందుకు పోనివ్వదు. లోపలి నుంచి చీలిక వెంబడి 'వి' ఆకారంలో గాడి తీసి, చుట్టూ ఎమ్రీ పేపర్‌తో గరుకు చేసి, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురు వేసి, పైన సన్నటి స్టీలు జాలీ ముక్క పరిచి మళ్లీ ఎపాక్సీ పూయి. ఇన్‌స్టంట్ గమ్ వద్దు, అది ఆరితే పెళుసు. డిక్కీ వేసినప్పుడల్లా వచ్చే అదురుకి నాలుగు రోజుల్లో విడిపోతుంది. బయట లప్పం, ప్రైమరు, రంగు నువ్వు చేయక్కర్లేదు. ఆ ముక్క ఒక్కటీ, బండి కలర్ కోడూ పట్టుకెళ్లి దగ్గర్లో పెయింటర్‌కి ఇవ్వు. ప్లాస్టిక్ ప్రైమర్ వేస్తాడో లేదో మాత్రం అడుగు, అది వేయకపోతే రంగు పొరలుగా లేస్తుంది.

ఇక అసలు పని టేపు దగ్గర. టేపు ఊడితే అందరూ టేపునే తిడతారు. నేను చూసినంతలో తప్పు ఎప్పుడూ కింద మిగిలిన మురికిదే. పాత జిగురంతా బొటనవేలితో రుద్ది తీసెయ్యి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తెల్ల గుడ్డతో రెండు వైపులా తుడువు. గుడ్డకి నలుపు అంటకుండా అయ్యేదాకా తుడవాలి. థిన్నర్ ముట్టుకోవద్దు, ఏబీఎస్ కరుగుతుంది. కిరోసిన్ కూడా వద్దు, దాని జిడ్డు మిగిలిపోతుంది. తుడిచాక అక్కడ వేలు కూడా పెట్టకు. కొత్త టేపుని స్పాయిలర్‌కి అంటించి, రెండో వైపు పేపరు తీయకుండానే ఒకసారి రేకు మీద పెట్టి, గుర్తులకి సరిపోయిందో చూసుకో. ఒకసారి అంటుకుంటే ఆ టేపు మళ్లీ జరపనివ్వదు. అంటించాక పొడుగునా అరచేతి బలమంతా పెట్టి నొక్కు. 20 నిమిషాల్లో సగం పట్టు వస్తుంది, 24 గంటల్లో తొంభై శాతం, పూర్తిగా రావడానికి 72 గంటలు. అప్పటిదాకా బండి కడగొద్దు, వానలో తీయొద్దు, డిక్కీ ధడేల్‌మని వేయొద్దు.

నట్లన్నీ ముందు చేత్తో తిప్పి నిలబెట్టు. తర్వాత మధ్య నుంచి చివరలకి కొంచెం కొంచెం బిగించు. బోల్టు కూర్చున్నది ప్లాస్టిక్‌లో, లారీ చక్రం కాదు. కింద రబ్బరు వాషర్లు అణిగిపోయి ఉంటే కొత్తవి వెయ్యి. ఆ రంధ్రాల గుండానే నీళ్లు దిగి డిక్కీ తలుపు అడుగున చేరి లోపల్లోపల తుప్పు పట్టిస్తాయి. అందుకే ట్రిమ్ వెంటనే మూయకు. మూడు రోజులయ్యాక మగ్గుతో పైన నీళ్లు పోసి, లోపల టార్చ్ వేసి చూడు.

బ్యాటరీ కలిపాక అల్లుడుగారిని బ్రేక్ తొక్కమని నువ్వు వెనక నిలబడి పై లైటు చూడు. అది అలంకారం కాదు. అమెరికాలో 1986 మోడల్ కార్ల నుంచే దాన్ని తప్పనిసరి చేశారు. కింది లైట్లు ట్రాఫిక్‌లో కనపడకపోయినా, వెనక రెండో బండివాడికి కూడా ఇది కనపడుతుంది.

టేపు, రబ్బరు వాషర్లు ఇక్కడ కొని పార్సిల్ వేస్తాను. పాత టేపు వెడల్పూ, మందమూ స్కేలు పెట్టి కొలిచి రేపు చెప్పు. మందం తేడా వస్తే స్పాయిలర్ చివరలు రేకుకి ఒరుసుకుంటాయి.

నాన్న