ఏ స్టేజీ లెక్క ఆ స్టేజీలోనే

నల్లగొండ,
ఆదివారం రాత్రి.

బిడ్డా,

నాన్న దీవెనలు.

మొన్న ఫోనులో నువ్వు "నాన్నా, వచ్చే సోమవారం ఛార్జి తీసుకోవాలి, నాకు ఏమీ రాదు" అంటే, "అదే వస్తుందిలే" అని ఫోను పెట్టేశాను. పెట్టేశాక ఆ మాట నాకే నచ్చలేదు. ఏ పనీ అదే రాదు. ఎవరైనా చెబితే వస్తుంది, లేదంటే చెయ్యి కాల్చుకుంటే వస్తుంది. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. బ్రాంచ్ పోస్టుమాస్టరుగా నువ్వు విప్పే మొదటి సంచుల్లో నీ పేరు మీద ఒక ఉత్తరం ఉండాలని నా కోరిక.

ఆర్టీసీలో కండక్టరుగా నా మొదటి రోజు సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

1988 జూలై. నాకు ఇరవై మూడేళ్లు. శిక్షణలో అన్నీ నేర్పారు. నిజాం కాలంలో, 1932లో, 27 బస్సులతో ఈ సంస్థ మొదలైన సంగతి దగ్గర నుంచి టికెట్టు మీద పంచ్ ఎక్కడ కొట్టాలో దాకా చెప్పారు. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. అయితే తరగతి గది కదలదు కదా. కదిలే బస్సులో, రెండు కాళ్ల మీద నిలబడటమే రాని మనిషి, చేతిలో ట్రే, చంకలో తోలు సంచి, చెవి వెనుక పెన్ను పెట్టుకుని లెక్క చూడాలి. అది ఏ పాఠంలోనూ లేదు.

మిషన్లు రాని రోజులవి. ట్రేలో ఒక్కో ధరకు ఒక్కో కట్ట టికెట్లు ఉండేవి. చార్జీ రెండు రూపాయల డెబ్బై ఐదు పైసలైతే రెండు రూపాయలది ఒకటి, అర్ధరూపాయిది ఒకటి, పావలాది ఒకటి చించి, ఎక్కిన స్టేజీ దగ్గర పంచ్ కొట్టి ఇవ్వాలి. ప్రతి స్టేజీ దాటగానే ఒక్కో కట్ట మీద పైన ఉన్న టికెట్టు నంబరును ఎస్‌ఆర్ అనే లెక్కల కాగితంలో వేయాలి. దాన్ని క్లోజింగ్ నంబరు అంటాం. కిందటి స్టేజీ నంబరుకూ దీనికీ తేడా చూస్తే ఎన్ని టికెట్లు తెగాయో, సంచిలో ఎంత డబ్బు ఉండాలో తెలిసిపోతుంది. చూడటానికి చిన్న పని. కానీ కండక్టరు బతుకంతా ఆ గళ్లలోనే ఉంటుంది.

నాకు పడిన రూటు నల్లగొండ నుంచి మిర్యాలగూడ. తిప్పర్తి, మాడుగులపల్లి, వేములపల్లి మీదుగా పోవాలి. నాట్ల కాలం. సాగర్ ఎడమ కాలువ కింద పొలాలకు మెట్ట ఊళ్ల నుంచి ఆడవాళ్లు ముఠాలు ముఠాలుగా పోయేవారు. నల్లగొండ దాటిన రెండో స్టేజీలోనే ఒక ముఠా ఎక్కింది. సద్దిమూటలు, చంకలో పిల్లలు, ఒకటే మాటలు. వాళ్లలో పెద్దామె ఒకరు కొంగుముడి విప్పి "వేములపల్లికి పదిహేడు" అని డబ్బులు నా చేతిలో పెట్టారు. నేను చించడం, పంచ్ కొట్టడం, మధ్యలో బస్సు కుదిపితే కడ్డీ పట్టుకోవడం. ఎలాగో అన్నీ కలిపి ఆమెకే ఇచ్చి, పెద్ద పని అయిపోయిందని ఊపిరి పీల్చుకున్నాను.

ఆమె అలా ఊరుకోలేదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఎవరి టికెట్లు వాళ్ల చేతిలో పెట్టారు. చివరికి తలుపు దగ్గర నిలబడిన పిల్ల ఒకతె ఉత్త చేతులతో మిగిలింది.

"కొడుకా, పదిహేడు మందికి డబ్బులు తీసుకుని పదహారు మందికే ఇచ్చావు. ఈ పిల్ల సంగతి ఏమిటి?" అన్నారు.

ఆమెకు అక్షరం ముక్క రాదు. బస్సంతా నన్నే చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"కొత్తవాడివా?" అని అడిగారు.

"అవునమ్మా. ఇవాళే మొదలు."

"ఆ మాట ఎక్కగానే చెబితే మేమే లెక్కపెట్టి తీసుకునేవాళ్లం కదా" అన్నారు. అందులో ఎగతాళి లేదు. నేను దాచిపెట్టినందుకు నొచ్చుకున్నట్టే అన్నారు.

ఆ తర్వాత చూడాలి బస్సును. ఒకాయన ముందు వచ్చే స్టేజీ పేరు చెబుతారు, ఇంకొకరు చిల్లర కలిపి ఇస్తారు, చార్జీ తెలియక తడబడితే రోజూ ఆ దారిన పోయే మాస్టారు చెప్పేస్తారు. కొత్తవాడినని తెలిస్తే నవ్వుతారని భయపడ్డాను. తెలిశాకే బస్సు నా వైపు నిలబడింది. ఇది నువ్వు మనసులో బాగా పెట్టుకో. ఆ ఊరి వాళ్లకు మొదటి రోజే చెప్పు: "నేను కొత్తదాన్ని, కొంచెం నిదానంగా చేస్తాను, మీరూ చూసుకోండి" అని. తప్పేమీ లేదు.

ఆ సందడిలో ఒక పని మరిచాను. తిప్పర్తి స్టేజీ దాటిపోయింది, నంబర్లు వేయలేదు. మాడుగులపల్లి దగ్గర చెకింగ్ వాళ్లు చెయ్యెత్తారు.

బిడ్డా, ఆ అరనిమిషం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. డ్రైవరు బ్రేకు వేస్తున్నారు, ఖాళీ గళ్లు నా ముందున్నాయి, పెన్ను చేతిలో ఉంది. ఉజ్జాయింపుగా ఏదో ఒక నంబరు వేసేద్దామని మొదటి గడిలో ఒక అంకె కూడా రాశాను. ముందు అద్దంలోంచి నన్ను చూసిన డ్రైవరు వెనక్కి తిరగకుండానే "రాయకు. రాయలేదని చెప్పు" అన్నారు. ఆయన అప్పటికే ఎందరో కండక్టర్లను చూసిన మనిషి. ఆగిపోయాను. చెకింగ్ అధికారి ఎక్కగానే "సార్, ఇవాళే మొదటి డ్యూటీ, తిప్పర్తి నంబర్లు వేయలేదు, ఈ అంకె ఇప్పుడే తొందరలో వేశాను" అని చెప్పేశాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. మనుషులను లెక్కపెట్టారు, అందరి టికెట్లు చూశారు. అందరి దగ్గరా టికెట్లు ఉన్నాయి. ఆ అంకెను కొట్టేయించి, పక్కన ఒక వాక్యం రాసి, సంతకం పెట్టి దిగిపోయారు.

ఆ తలుపు దగ్గరి పిల్ల చేతిలో టికెట్టు లేకుంటే ఏమయ్యేదో ఆలోచించు. ఆమె డబ్బు నా సంచిలో, ఆమె చేతిలో టికెట్టు లేదు. మొదటి రోజే నా మీద కేసు పడేది. కొత్తవాడిని, మరిచిపోయాను అంటే ఎవరు వింటారు? మీ అమ్మతో పెళ్లి, ఈ ఇల్లు, నీ చదువు, అన్నీ ఆ పెద్దామె అలా ఒక్కొక్కరినీ పిలిచి పంచడం వల్లే నిలిచాయని నేను నమ్ముతాను. వేములపల్లిలో దిగిపోయారు. మళ్లీ కనిపించలేదు. ఆ రోజు నుంచి మొన్న రిటైరయ్యే దాకా, ఎంత పెద్ద ముఠా ఎక్కినా నేను టికెట్లు పెద్దల చేతికి కట్టగా ఇవ్వలేదు. ఎవరి టికెట్టు వాళ్ల చేతికే ఇచ్చాను.

ఆ రాత్రి డిపోలో డబ్బు కడితే ఆరున్నర రూపాయలు తక్కువ వచ్చింది. జేబులోంచి కట్టాను. ఎక్కడ పోయిందో అర్థం కాక కూర్చుంటే, సీనియరు కండక్టరు ఒకాయన నా ట్రే తీసుకుని కట్ట మీద బొటనవేలు పెట్టి ఒక టికెట్టు లాగారు. రెండు వచ్చాయి. జూలై తేమకు పలుచటి కాగితం ఒకదానికొకటి అంటుకుంది. "ఇదీ నీ ఆరున్నర రూపాయలు" అన్నారు. కట్టను ముందు వంచి అంచులు విడదీయాలని, తర్వాతే చించాలని చూపించారు. అర నిమిషం పని. శిక్షణలో ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదని కాదు, శిక్షణ ఇచ్చిన గదిలో వాన కురవదు కాబట్టి.

ఇక నీ పనికి వస్తాను.

ఛార్జి అప్పగించే రోజు తొందర పెడతారు. ఎవరి తొందర వాళ్లకు ఉంటుంది. నగదు నీ చేతులతో లెక్కపెట్టు, స్టాంపులు లెక్కపెట్టు, జాబితాలో ఉన్న ప్రతి వస్తువునూ కంటితో చూడు, ఆ తర్వాతే ఛార్జి రిపోర్టు మీద సంతకం. నోట్ల కట్టకు రబ్బరు ఉంది కాబట్టి వందే ఉంటాయనుకోకు. మేం కూడా డ్యూటీ ఎక్కే ముందు ప్రతి కట్ట మొదటి నంబరు చూసుకునేవాళ్లం.

పొద్దున్నే తేదీ ముద్రలో తేదీ మార్చడం అన్నిటికంటే ముందు. ఎవరైనా డబ్బు కడితే పాసుపుస్తకంలో రాసి, ముద్ర వేసి, వాళ్ల చేతిలో పెట్టాకే ఇంకొకరిని పిలువు. "పుస్తకం ఇక్కడే ఉంచి వెళ్లండి, సాయంత్రం రాస్తాను" అనే మాట నీ నోట రాకూడదు. ఏ స్టేజీ లెక్క ఆ స్టేజీలోనే తేలిపోవాలి. ఒకవేళ రాయడం మరిచిపోయి సాయంత్రం గుర్తొస్తే, ఊహించి వేయకు. మీ సబ్ పోస్టాఫీసుకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు. తెలియనిదేదైనా అప్పుడే అడుగు. పది సందేహాలు కూడబెట్టుకుని ఒకేసారి అడుగుదామనుకుంటే ఏది దేనిదో కలిసిపోతుంది.

పింఛన్ల రోజులు నీకు అన్నిటికంటే బరువైన రోజులు. వృద్ధులకు, వితంతువులకు 2,016, దివ్యాంగులకు 4,016. రెండు వేలు ఇవ్వడం తేలిక, ఆ పదహారు ఇవ్వడమే కష్టం. వంద మంది వస్తే పది రూపాయల నోట్లు వంద, ఐదు బిళ్లలు వంద, రూపాయి బిళ్లలు వంద కావాలి. చిల్లర లేదని ఏ ముసలామెనూ ఆ పదహారు లేకుండా పంపవద్దు. "ఉండనీ బిడ్డా" అని వాళ్లే అంటారు, అన్నా ఇవ్వు. పైసలు లేక టికెట్టు వెనుక బాకీ రాసిచ్చి, వాళ్లు మరిచి దిగిపోతే ఆ చిల్లర నా సంచిలో మిగిలిన రోజులు ఉన్నాయి. ఆ రాత్రుళ్లు నాకు అన్నం సహించేది కాదు. డబ్బు ఎవరిది వాళ్ల చేతిలోనే, పైకి వినబడేలా లెక్కపెట్టి పెట్టు. కొడుకు వచ్చాడు, పక్కింటి పిల్ల వచ్చింది అని కలిపి ఇవ్వకు.

నీ ఊరు అచ్చంపేట దాటాక, నల్లమల అంచున. సిగ్నల్ పోతుంటుంది. నాట్లు వేసి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లకు ముద్ర ఒక్కసారికి పడదు. విసుక్కోకు. తడి బట్టతో వేలు తుడిచి మళ్లీ పెట్టించు, ఇంకో వేలు చూడు. అప్పటికీ పడకపోతే "రేపు రా" అని మాత్రం అనకు. చెంచు పెంటల నుంచి, అంటే అడవిలోని వాళ్ల గూడేల నుంచి, నడిచి వచ్చే వాళ్లుంటారు. ఏ రోజు, ఏ వేళకు వస్తే పని అవుతుందో కనుక్కుని, ఆ మాట చెప్పి పంపు. బస్టాండులో కూర్చున్న మనిషికి బస్సు రాదని చెప్పినా ఓర్చుకుంటారు, ఎప్పుడు వస్తుందో చెప్పకపోతేనే ఓర్చుకోలేరు.

మొదటి రోజు అంటే ఒక్కసారే వస్తుందనుకోకు. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలై, కొద్ది రోజులకు వాళ్లకు చార్జీ లేని జీరో టికెట్లు ఇవ్వాల్సి వచ్చినప్పుడు నేను మళ్లీ కొత్తవాడినే. ముప్పై అయిదేళ్ల సర్వీసు చేసినవాడిని, మిషన్‌లో జీరో టికెట్టు ఎలా కొట్టాలో నీ వయసున్న కండక్టరు పిల్లను అడిగి నేర్చుకున్నాను. ఆమె రెండు సార్లు చూపించింది. మూడోసారి నేనే కొట్టి చూపిస్తే "వచ్చేసింది సార్" అంది. ఆ మాటకు నాకు కలిగిన సంతోషం 1988లో కూడా కలగలేదు.

పదో తరగతి మార్కుల మీద వచ్చిన ఉద్యోగమని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే పట్టించుకోకు. దేశంలో లక్షన్నరకు పైగా పోస్టాఫీసులుంటే పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. ఆ ఊరికి నువ్వే పోస్టాఫీసు.

మీ అమ్మ దుప్పటి, చింతకాయ తొక్కు, సకినాలు కడుతోంది. వాటితో పాటు నా పాత తోలు సంచి పంపుతున్నాను. జిప్పు మార్పించాను. అందులో పది నోట్లు వంద, ఐదు బిళ్లలు వంద, రూపాయి బిళ్లలు వంద ఉన్నాయి. వారం రోజులు బస్టాండుకు పోయి, తెలిసిన కండక్టర్ల దగ్గర పోగు చేశాను. ఇది నీకు కానుక కాదు. మొదటి పింఛన్లకు వాడుకుని 1,600 నాకు పంపు. సంచి అందగానే ముందు లెక్కపెట్టుకో, నాన్న పంపాడు కదా అని వదిలెయ్యకు.

సోమవారం రాత్రి నగదు సరిపోయాక ఫోను చెయ్యి. సరిపోకపోయినా చెయ్యి. ఎంత పొద్దుపోయినా మెలకువగానే ఉంటాను.

మీ నాన్న