జానపద సంగీత శ్రోతల సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో చదవాలి కాబట్టి ఏడాది పనులు రాసి పెడుతున్నాను. మన ఉద్దేశాలు మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను.

నెలనెలా కూర్చుని వినే సభలు పదకొండు జరిగాయి. ఫిబ్రవరిది మంచు వల్ల వాయిదా పడి, అలాగే పోయింది.

గట్టిగా చెప్పుకోవలసింది అక్టోబరులో జరిపిన క్లెజ్మర్ సాయంత్రం. మనం ఉండేది న్యూజెర్సీలో. నది దాటితే న్యూయార్క్. అక్కడ 1920లలో నాఫ్తులే బ్రాండ్‌వైన్, డేవ్ టారస్ క్లారినెట్ మీద రికార్డులిచ్చిన సంగీతాన్ని ఇన్నాళ్లూ పట్టించుకోకపోవడం మన తప్పే. క్లెజ్మర్ అంటే మొదట్లో వాద్యకారుడు. సంగీతానికే ఆ పేరు స్థిరపడింది 1970ల తర్వాత. తూర్పు ఐరోపా యూదుల పెళ్లిమేళం అది. బెస్సరేబియాలో, అంటే చాలావరకు నేటి మాల్డోవాలో, యూదులూ రోమాలూ (జిప్సీలని పిలిచేది వీళ్లనే) ఒకే మేళంలో వాయించేవారు. రొమేనియా పల్లెల డోయినా, పెళ్లివిందులో కూర్చుని వినే ఆలాపనగా ఇటు చేరింది. బుల్గర్ అనే నాట్యం కూడా ఆ ప్రాంతం నుంచే వచ్చి, టారస్ చేతిలో న్యూయార్క్ యూదుల పెళ్లిళ్లను ఏలింది. పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి కంటతడి పెట్టించే ఫిడేలు వినగానే మన కోశాధికారిగారి అమ్మగారు, "ఇది మన అప్పగింతల సన్నాయే కదా బాబూ" అన్నారు. నేను రాసుకెళ్లిన నాలుగు పేజీల పరిచయం దండగైపోయింది.

ఆ సాయంత్రమే వేసిన మరామురెష్ (నేటి ఉత్తర రొమేనియా ప్రాంతం) పాటల సంగతి వేరు. 1944లో అక్కడి యూదుల్ని నాజీల మృత్యుశిబిరం ఆష్విట్జ్‌కు తరలించారు. వాళ్ల పెళ్లిళ్లలో వాయించిన రోమా కళాకారులకు మాత్రం పాటలు గుర్తుండిపోయాయి. హంగేరీ బృందం ముజికాష్ ఆ రోమాల దగ్గర నేర్చుకుని 1993లో రికార్డు తెచ్చింది. అది మళ్లీ మళ్లీ వెయ్యమన్నారు, వేశాం. భోజనాలు తొమ్మిదిన్నరకు గానీ మొదలవలేదు, మన్నించాలి.

క్లారినెట్ వాయించిన అతిథి రైలు ఛార్జీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. వారికీ, వంట చేసిన ముగ్గురు అక్కలకూ, స్పీకర్లు మోసిన పిల్లలకూ కృతజ్ఞతలు. వాట్సాప్‌లో వస్తామని బొటనవేలు చూపించినవారు పద్నాలుగు మంది. కుర్చీలు వెయ్యడానికి వచ్చింది ఇద్దరం, అందులో ఒకణ్ణి నేనే. హాలు ఆఫీసువారు బీమా కాగితం మూడుసార్లు పంపించుకుని, ఆ రోజు తాళంచెవి పంపడం మరిచారు. నలభై నిమిషాలు బయట చలిలో టెన్షన్ పడ్డాం.

జమాఖర్చులు జతచేశాం. హాలు అద్దె పెరిగింది, మిగులు తగ్గింది. అంతే. చందాలు మార్చిలోగా కట్టండి.

స్పీకర్ల వైర్లు రెండు ఎవరింట్లోనో ఉండిపోయాయి. సమావేశానికి వచ్చేటప్పుడు తెచ్చిపెట్టగలరు.

కార్యదర్శి