'అత్యాచారం' అంటే ఏ కేసు?

సంపాదకుల వారికి,

రెండు వారాల కిందట మీ జిల్లా పేజీ అడుగున ఒక సింగిల్ కాలమ్ వార్త వచ్చింది. శీర్షిక 'మహిళపై అత్యాచారం.. కేసు నమోదు'. లోపల చదివితే ఉన్నది బోరింగు దగ్గర బిందెల వరస మీద గొడవ, కులం పేరెత్తి తిట్టడం, ఎస్సీ, ఎస్టీ చట్టం కింద కేసు. ఆమె పేరు, ఇంటిపేరు, ఊరు, పేట అన్నీ వేశారు. శీర్షిక చూసి పేజీ తిప్పేసేవాళ్లే ఎక్కువ కదా, వాళ్ల దృష్టిలో ఆమెకు ఏం జరిగినట్టు? సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లు చూశాను. ఆ జాగాలో బంగారం ధరలు వేశారు.

పొరపాటు ఎక్కడ పుడుతోందో డెస్కులో కూర్చున్నవారికి తెలియంది కాదు. 1989 నాటి ఆ ఎస్సీ, ఎస్టీ చట్టానికి తెలుగులో 'అత్యాచారాల నిరోధక చట్టం' అని పేరు పెట్టారు. అక్కడ అత్యాచారమంటే పాత అర్థమే: అతి, ఆచారం కలిసిన మాట, హద్దు మీరిన నడత, దౌర్జన్యం. లైంగిక దాడికి అప్పటి పత్రికలు మానభంగం, బలాత్కారం అని రాసేవి. పోయింది ఆమె మానమే అన్నట్టుందని 'మానభంగం' వదిలేశారు, మంచి పని చేశారు. కానీ దాని బదులు అత్యాచారాన్ని తెచ్చి పెట్టారు. చట్టం పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ చట్టం 3వ సెక్షన్ ఒకసారి తిరగేయండి. తినకూడనిది నోట్లో కుక్కడం, చెప్పుల దండ వేసి ఊరేగించడం, భూమి ఆక్రమించుకోవడం, ఓటు వేయనివ్వకపోవడం, ఊరి నీళ్లు వాడుకోనివ్వకపోవడం, నలుగురిలో కులం పేరుతో దూషించడం.. ఇవన్నీ అందులో నేరాలే. వీటన్నిటికీ కలిపి 'అత్యాచారం' అని రాస్తే చట్టం ప్రకారం తప్పు లేదు, చదివేవాడికి మాత్రం ఒకటే అర్థమవుతుంది.

కలెక్టరేట్ నుంచి వచ్చే ప్రెస్ నోట్ల సంగతి వేరే చెప్పాలా? జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలని ఆ చట్టం కింద చేసిన 1995 నిబంధనల్లో ఉంది. కూర్చున్నప్పుడు 'అత్యాచార బాధితులకు పరిహారం' అని నోట్ పంపుతారు, మీరు అక్షరం మార్చకుండా వేస్తారు. 2016లో సవరించిన నిబంధనల ప్రకారం కులదూషణ కేసులో లక్ష రూపాయలు. ఎఫ్‌ఐఆర్ కాగానే పావు వంతు, చార్జిషీటు కోర్టుకు వెళ్లాక సగం, కింది కోర్టులో శిక్ష పడ్డాక మిగతా పావు. రేప్ జరిగితే 5 లక్షలు, వైద్య పరీక్ష అయ్యాక అందులో సగం ఇవ్వాలి. ఎవరికి ఏ పద్దు కింద ఎంత రావాలో, ఎంత వచ్చిందో అడిగే విలేకరి కనపడడు. ఫొటోలో కలెక్టరు గారు, వాటర్ బాటిళ్లు స్పష్టంగా కనపడతాయి.

ఇంకో తమాషా ఏమిటంటే, నిజంగా ఘోరం జరిగినచోట మాట మెత్తబడిపోతుంది. 'అసభ్యంగా ప్రవర్తించాడు' అని రాస్తారు. బస్సులో కూతలు కూసినవాడికీ అదే మాట, గదిలోకి లాగి ఒంటిమీద చెయ్యి వేసినవాడికీ అదే. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మొదటిది 75వ సెక్షన్, ఏడాది దాకా జైలు. రెండోది 74, కనీసం ఏడాది, ఐదేళ్ల దాకా పడొచ్చు. ఇక 'అఘాయిత్యం' ఉంది. ఉరి వేసుకున్నవాడూ దానికే పాల్పడతాడు, పసిపిల్లను చెరిచినవాడూ దానికే పాల్పడతాడు. మూడో పేరా దాకా వెళ్తేగానీ చచ్చిందెవరో, చెరిచిందెవరో తెలియదు.

విరుగుడు పెద్ద కష్టమేమీ కాదు. మీ కంట్రిబ్యూటర్ (స్థానిక విలేకరి), పోలీస్ స్టేషన్‌లో రైటర్ చెప్పింది రాసుకుని రాకుండా ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్లు చూడాలి. ఎస్సీ, ఎస్టీ చట్టం కేసుల దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారిదే కాబట్టి అనుమానముంటే అక్కడ అడగాలి. 3(1)(ఆర్), 3(1)(ఎస్) మాత్రమే ఉంటే 'కులదూషణ కేసు' అని రాయండి. కొట్టి ఉంటే 'దాడి'. చట్టం పేరు రాయక తప్పనిచోట 'అట్రాసిటీ కేసు' అనండి, ఊళ్లో జనం అనేది అదే. న్యాయ సంహిత 64, 65, 70 లాంటివి ఉంటేనే శీర్షికలో అత్యాచారం. అప్పుడు ఆమె పేరు గానీ, గుర్తుపట్టే వివరం గానీ వేయకూడదు, 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష ఉంది. 69వ సెక్షన్ కేసుల్లోనూ పేరు వేయకూడదు. పెళ్లి చేసుకుంటానని మోసగించి లొంగదీసుకున్న కేసులవి. వాటిని అత్యాచారంగా లెక్కించబోమని చట్టమే చెబుతున్నా, మీ పత్రికలో 'నమ్మించి అత్యాచారం' అని వారానికోసారైనా వస్తోంది.

ఆ బోరింగు వార్తకు సవరణ అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. ఆమె పేరు మాత్రం మళ్లీ వేయకండి.

- ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి, గుంటూరు జిల్లా