ఖర్చు లేని కథలు, పాత చెప్పుల బొమ్మలు

సంపాదకులకు,

మా మనవరాలు మూడో తరగతి. జామచెట్టు మీంచి పడి కాలు విరిగితే ఆరు వారాలు కట్టు వేశారు. మొదటి వారమంతా ఫోన్‌లో రీల్సే. లాక్కుంటే ఏడుపు, ఇస్తే మాకు టెన్షన్.

అప్పుడు వాళ్ల టీచరమ్మ స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్ గురించి చెప్పింది. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టారట. తెలుగులో బొమ్మల కథలు బోలెడు, పైసా కట్టక్కర్లేదు. నాలుగు స్థాయులుగా ఉన్నాయి. ఒకటో స్థాయిలో పేజీకి ఒకటో రెండో వాక్యాలు. మా పిల్ల మూడోది మొదలుపెట్టి, నామోషీ పడకుండా రెండుకి దిగింది. నచ్చినవాటిని జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాను. వాటిని అలా ముద్రించుకోవడానికి అనుమతి కూడా ఉంది.

ఇక అరవింద్ గుప్తా గారి వెబ్‌సైట్. పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం నేర్పుతారు, 2018లో పద్మశ్రీ వచ్చింది. సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి త్రిభుజం, చతురస్రం చేశాం. చతురస్రం నొక్కితే వంగిపోతోంది, త్రిభుజం వంగడం లేదు. ఎందుకని అడిగింది. ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టిన నాకేం తెలుసు! మర్నాడు బ్రిడ్జి ఫొటోలో త్రిభుజాలు చూసి, వంగకుండా ఉండడానికే అవి పెట్టారని తనే చెప్పింది. ఆ ట్యూబు కోసం పంక్చర్ షాపులు మూడు తిరిగాను, అది వేరే కథ.

ఇవి టీచరమ్మ చెప్పకపోతే మాకు తెలిసేవే కావు. మీ ఆదివారం పిల్లల పేజీలో వారానికొక ఉచిత వెబ్‌సైట్ పేరు, ఫోన్‌తో స్కాన్ చేసే కోడ్‌తో సహా వేయండి. కోడ్ కాస్త పెద్దదిగా వేస్తే మా వయసు వాళ్లకూ పనికొస్తుంది.

– ఒక విశ్రాంత ఆర్టీసీ కండక్టర్, జనగామ