ఉబుంటు తీసేశాక ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే: మా షాపు కస్టమర్లకు ఒక మాట

మా దగ్గర ల్యాప్‌టాప్‌లు రిపేరు చేయించుకునే అందరికీ నమస్కారం. ఒక విషయం చెప్పాలి. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

పోయిన నెల ఇంజినీరింగ్ ఫైనలియర్ అమ్మాయి ఒకరు ల్యాప్‌టాప్ తెచ్చింది. ల్యాబ్ కోసం విండోస్ పక్కనే ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో సిస్టమ్, లినక్స్‌లో ఒక రకం) వేసుకుంది. సెమిస్టర్ అయిపోయాక స్థలం చాలట్లేదని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఉబుంటు ఉన్న పార్టిషన్ (డిస్క్‌లో దానికి కేటాయించిన భాగం) డిలీట్ చేసింది. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి స్క్రీన్ మీద 'గ్రబ్' అన్న ముక్క, పక్కన మిణుకుమనే కర్సర్. అంతే. ఆ టైముకి నేను షాపులో లేను. మా కుర్రాడు "విండోస్ పోయిందమ్మా, ఫార్మాట్ కొట్టాలి" అన్నాడు. కొట్టేశాడు. ఆ అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు డెస్క్‌టాప్ మీదే ఉందట.

కుర్రాడిని తిట్టి లాభం లేదు, వాడికి అలా నేర్పింది నేనే. ఇలాంటి కేసు వస్తే ఫార్మాట్ కొట్టి 800 తీసుకోవడం మాకు ఏళ్లుగా అలవాటైపోయింది. నిజానికి ఆ ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎక్కడికీ పోలేదు.

ఉబుంటు వేసినప్పుడు గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాం వస్తుంది. ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో అడిగేది అదే. దాంట్లో కొంత భాగం ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్‌లో ఉంటుంది. మెనూ వగైరా మాత్రం ఉబుంటు పార్టిషన్‌లో ఉంటాయి. ఉబుంటుని డిలీట్ చేస్తే మెనూ పోతుంది, ఈఎఫ్ఐలోది మిగిలిపోతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ అదే ముందు లేస్తుంది, మెనూ కోసం వెతుకుతుంది, దొరక్క అక్కడే కూలబడుతుంది. విండోస్ దాకా వంతే రాదు.

కాబట్టి ఇలా జరిగితే ముందు ఇంట్లోనే ఇది చూడండి. పవర్ బటన్ నొక్కగానే బూట్ మెనూ కీ వరుసగా నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవోలకు ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్‌కు ఎస్కేప్. వచ్చిన లిస్టులో 'విండోస్ బూట్ మేనేజర్' ఎంచుకుంటే చాలాసార్లు విండోస్ మామూలుగా వచ్చేస్తుంది. తర్వాత బయోస్‌లోకి (ఆన్ చేయగానే ఏది ముందు లేవాలి లాంటి సెట్టింగులు ఉండే చోటు) వెళ్లి బూట్ ఆర్డర్‌లో దాన్నే మొదటి స్థానానికి జరపండి. ఆ పేరు లిస్టులో లేకపోతే, లేదా బాగా పాత ల్యాప్‌టాప్ అయితే మా దగ్గరికి తెండి. విండోస్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ ఫైళ్లు మళ్లీ రాయాలి. దానికీ ఫార్మాట్ అక్కర్లేదు.

బయోస్ సెట్టింగులు మార్చాక కొన్నిట్లో బిట్‌లాకర్ (డిస్క్‌లోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం) 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. టెన్షన్ పడకండి. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి చూడండి, చాలామందికి అక్కడే సేవ్ అయి ఉంటుంది. ఆ కీ లేకుండా మీ ఫైళ్లు తెరవడం మా వల్ల కాదు. తెరుస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోయాక పాత ల్యాప్‌టాప్‌ల మీద లినక్స్ వేసి చూసేవాళ్లు మా దగ్గరికి ఎక్కువగానే వస్తున్నారు. మంచిదే, వేసుకోండి. తీసేయాలనుకున్న రోజు మాత్రం ముందు బూట్ ఆర్డర్ మార్చి, విండోస్ నేరుగా వస్తోందని చూసుకుని, ఆ తర్వాతే పార్టిషన్ జోలికి వెళ్లండి.

ఆ అమ్మాయి డబ్బులు వాపసు ఇచ్చేశాను. రెండు రోజులు రికవరీకి ప్రయత్నించాను కానీ ఎస్ఎస్‌డీ (చెరిపేసినవి తిరిగి రాబట్టడం కష్టమైన రకం డిస్క్) కావడంతో పెద్దగా ఏమీ రాలేదు. గైడుకి అంతకుముందు మెయిల్ చేసిన పాత కాపీ ఉండబట్టి అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. నన్ను ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధేసింది.

ఇకపై బూట్ రిపేరుకి 150. ఫోన్‌లో చెప్తే సరిపోయేదైతే ఏమీ వద్దు. ఫార్మాట్ కొట్టే ముందు మీ ఫైళ్లు బయటికి తీసి, మీకు చూపించి, కాగితం మీద మీ సంతకం తీసుకుంటాం. ఈ ఏడాదిలో ఇదే సమస్యకి మా దగ్గర 800 కట్టినవాళ్లు బిల్లు తెస్తే 650 వెనక్కి ఇస్తాను. బిల్లు పోయినా రండి, మా రిజిస్టర్లో చూద్దాం. ల్యాప్‌టాప్‌తో పాటు ఛార్జర్ కూడా తెండి, సగం మంది మర్చిపోతున్నారు.