వాయించిన వాళ్లుండగానే అడిగి రాసుకోవాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. పాత అనలాగ్ సింథసైజర్లతో, అంటే విద్యుత్ సర్క్యూట్లతోనే స్వరాన్ని పుట్టించే కీబోర్డుల్లాంటి వాయిద్యాలతో, పేరు తెచ్చుకున్న సంగీతకారుల తరం ఒక్కొక్కరుగా వెళ్లిపోతోంది. 2016లో కీత్ ఎమర్సన్, ఇసావో తోమితా పోయారు. 2021లో మాల్కమ్ సెసిల్, 2022లో క్లాస్ షుల్జ్, వాంగెలిస్ పోయారు. ఎవరైనా పోయిన రోజు పత్రికల్లో నివాళులు వస్తాయి. వాళ్ల కాలపు వాయిద్యాలు మ్యూజియాల్లో గాజు అరల వెనక్కి చేరతాయి. అంతటితో మన బాధ్యత తీరిందనుకుంటాం. ప్రజల డబ్బుతో నడిచే మ్యూజియాలు, సంగీత కళాశాలలు ఈ వాయిద్యాలను మోగే స్థితిలో ఉంచాలని, వాటిని వాయించిన వాళ్ల విద్యను వాళ్లుండగానే రికార్డు చేసి పెట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

'బటన్ నొక్కితే అదే మోగుతుంది, అందులో విద్యేముంది?' అనే మాట కీబోర్డు వాయించే మా బోటి వాళ్లకు కొత్త కాదు. ఇప్పటి కీబోర్డుల విషయంలో ఆ మాటలో కొంత నిజం కూడా ఉంది. కానీ 1970లో మోగ్ కంపెనీ తెచ్చిన మినీమోగ్ అనే సింథసైజర్‌లో ముందే దాచిపెట్టిన సౌండ్ అంటూ ఏదీ ఉండదు. స్వరాన్ని పుట్టించే మూడు ఆసిలేటర్లు, దాని నాదాన్ని మలిచే ఒక ఫిల్టర్, వాటిని సర్దే నాబ్‌లు, అంతే. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. కుడిచెయ్యి మీటల మీద నడుస్తుంటే ఎడమచెయ్యి ఫిల్టర్ నాబ్‌ను పట్టుకుని ఉంటుంది. దాన్ని రవ్వంత తిప్పితే మూసుకుపోయినట్టున్న స్వరం విచ్చుకుంటుంది, ఇంకాస్త తిప్పితే చెవులు గింగురుమంటాయి. ఎక్కడ ఆపాలన్నది వాయించేవాళ్ల చేతికే తెలియాలి. పైగా స్టేజీ లైట్ల వేడికి శ్రుతి జారిపోతుంటుంది, దాన్ని అందరి ముందే సర్దుకోవాలి.

అమెరికన్ సంగీతకారిణి వెండీ కార్లోస్, పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త బాఖ్ సంగీతాన్ని మోగ్ సింథసైజర్ మీద రికార్డు చేసి 1968లో విడుదల చేశారు. వాయిద్యం ఒక్క స్వరమే పలుకుతుంది కాబట్టి ఒక్కో వరుసనూ విడిగా వాయించి, టేపు మీద ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోయారు. మధ్యమధ్యలో ఆపి శ్రుతి చేసుకోవడం మామూలే. వాంగెలిస్‌కు ఇష్టమైన సింథసైజర్ యమహా సీఎస్-80 బరువు 80 కిలోల పైమాట. మీట నొక్కాక వేలిని ఇంకా అదిమితే, ఆ వేలి కింది స్వరం మాత్రమే కదులుతుంది. అంటే ఏ వేలి గమకం ఆ వేలిదే. ఆయన సంగీతంలో ఏడుపులా సాగే ఆ స్వరాలు ఏ బటన్‌లోంచీ రాలేదు. అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ 1970ల తొలి ఆల్బమ్‌లలో వినిపించే టొంటో అనే భారీ సింథసైజర్ సంగతీ అంతే. మీటల మీద వేళ్లు వండర్‌వి, ఆ సౌండ్లను రూపుదిద్దింది మాల్కమ్ సెసిల్, రాబర్ట్ మార్గోలెఫ్. ఆ రెండు పేర్లు ఎంతమందికి తెలుసు? (తోమితా తెప్పించుకున్న మోగ్‌ను జపాన్ కస్టమ్స్ వాళ్లు సంగీత వాయిద్యమంటే నమ్మలేదట. యాభై ఏళ్లు గడిచినా ఆ అనుమానం జనానికి పూర్తిగా పోలేదని నాకనిపిస్తుంది.)

ఇక భద్రపరచడం గురించి. ముట్టుకోకుండా ఉంచితే వస్తువు క్షేమంగా ఉంటుందన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. 1981 నాటి కోర్గ్ పాలీసిక్స్ సింథసైజర్‌లో మెమరీని నిలబెట్టడానికి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే అది కారి, సర్క్యూట్ బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. గాజు వెనక చూసేవాళ్లకు పైన మీటలు తళతళలాడుతూనే కనిపిస్తాయి, లోపల వాయిద్యం చచ్చిపోయి ఉంటుంది. కెపాసిటర్లు ఎండిపోవడం, స్లైడర్లలో దుమ్ము పట్టడం సరేసరి. వీటికి కావలసింది కాపలాదారు కాదు, విప్పి చూసి బాగుచేసే టెక్నీషియన్. బడ్జెట్‌లో ముందు కోత పడేది మాత్రం ఆ ఉద్యోగానికే.

వాయిస్తే అరిగిపోతాయి, విడిభాగాలు మారిస్తే అసలుతనం పోతుంది అని భద్రపరిచేవాళ్లు అంటారు. కొట్టిపారేయదగ్గ మాట కాదు. కానీ ఇటలీలోని క్రెమోనా మ్యూజియంలో మూడు వందల ఏళ్ల నాటి స్ట్రాడివారి వయొలిన్లనే నిపుణుల చేత క్రమం తప్పకుండా వాయిస్తున్నారు. వాటికి లేని భయం యాభై ఏళ్ల సర్క్యూట్లకు ఎందుకు? కెనడాలోని కాల్గరీలో నేషనల్ మ్యూజిక్ సెంటర్ 2013లో టొంటోను కొని, ఏళ్ల తరబడి బాగుచేయించి 2018 నాటికి మళ్లీ మోగించింది. స్విట్జర్లాండ్‌లోని ఫ్రీబోర్గ్ మ్యూజియంలో 5,000కు పైగా ఎలక్ట్రానిక్ వాయిద్యాలున్నాయి. అక్కడ సమయం బుక్ చేసుకుని వెళితే ఎవరైనా వాయించవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో అదే సౌండ్ వస్తోందిగా అనేవాళ్లతో నాకు పేచీ లేదు, నేనూ వాడతాను. కానీ అది దేనికి నకలో పోల్చి చూసుకోవడానికైనా అసలుది మోగాలి కదా.

రాసి పెట్టడం వల్ల ఏం ఒరుగుతుందో అమెరికన్ సింథసైజర్ కళాకారిణి సుజాన్ చియానిని చూస్తే తెలుస్తుంది. 1976లో ఆమె తనకు గ్రాంటు ఇచ్చిన అమెరికా ప్రభుత్వ కళల సంస్థకు ఒక నివేదిక రాసిచ్చారు. బుక్లా సింథసైజర్‌ను తాను ఎలా అమర్చుకుంటారో, ఎలా వాయిస్తారో అందులో వివరించారు. దశాబ్దాల తర్వాత బుక్లా పట్టిన కుర్రవాళ్లకు అదే పాఠమైంది. ఒక గ్రాంటు కాగితం చేసిన మేలు అది. మన దగ్గర అలాంటి కాగితాలు ఎన్ని ఉన్నాయి? అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మోగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టించారు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా అక్కడ పనిచేశారు. వాళ్లు అక్కడ రికార్డు చేసిన టేపులు పాల్ పర్గాస్ అనే సంగీతకారుడి చొరవతో ఆల్బమ్‌గా బయటికొచ్చింది 2023లో! బొంబాయి సినీ సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ యంత్రాల మీద రాగాలు వాయించి రికార్డు తెస్తే అప్పుడు పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2010లో విదేశీ కంపెనీ మళ్లీ విడుదల చేశాకే ఆయనకు ఏడుపదుల వయసులో స్టేజీలు దొరికాయి. 2015లో ఆయనా పోయారు.

ప్రభుత్వ గ్రాంటు తీసుకునే ప్రతి సంగ్రహాలయానికీ ఒక షరతు పెట్టాలి. ఏడాదికోసారి వాయిద్యాన్ని విప్పి పరీక్షించాలి, ఏ భాగం మార్చారో పుస్తకంలో రాయాలి, వాయించడం వచ్చినవాళ్లను పిలిచి వాళ్ల చేతుల్ని దగ్గర్నుంచి వీడియో తీయాలి. మీ పత్రికకూ ఒక విన్నపం. నివాళి వ్యాసాలు ఎలాగూ వేస్తారు. అంతకంటే ముందు, ఇంకా మన మధ్య ఉన్న వాయిద్యకారుల దగ్గరికి విలేకరిని పంపండి. అవార్డుల గురించి తర్వాత అడగొచ్చు, ఫలానా పాటలో ఆ సౌండ్ కోసం ఏ నాబ్ ఎంతవరకు తిప్పారో ముందు అడిగించండి.

ఇట్లు,
కీబోర్డు వాయించే ఒక పాఠకుడు