జిడ్డు తీసే పేస్ట్ ఇక అమ్మడం లేదు: షో పిల్లులకు మా దగ్గర సామాను కొనేవాళ్లందరికీ

స్నానానికి ముందు పిల్లి బొచ్చుకు పట్టించే జిడ్డు పేస్ట్ అమ్మకం ఆపేశాం. సరుకు లేక కాదు. కొత్త లాటు పెట్టెలు గోడౌన్‌లో సీలు తీయకుండానే ఉన్నాయి. వాటిని సప్లయర్‌కి తిప్పి పంపుతున్నాం, మళ్లీ తెప్పించం. మీలో చాలామంది ఈ ఒక్క డబ్బా కోసమే మా దగ్గరికి వస్తారని తెలుసు. పిల్లుల పోటీల (షోల) సీజను దగ్గర పడిందనీ తెలుసు. అందుకే కారణం దాచకుండా చెప్తున్నాం.

డబ్బా అదే, లేబుల్ అదే, లోపలి సరుకు మారింది. మారుస్తున్నట్టు సప్లయర్ మాకు ఒక్క ముక్క చెప్పలేదు. పాత పేస్ట్‌కి వాసనే ఉండేది కాదు, ఉండకూడదని మేం పట్టుబట్టి చేయించుకున్నది అది. కొత్త డబ్బా మూత తీస్తే కర్పూరం కలిసిన మందు వాసన గుప్పున కొట్టింది. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో పాత పేస్ట్ కొద్దిగా వేసి కలిపితే తెల్లగా విరిగి పూర్తిగా కలిసిపోయేది. కొత్తది కలిపాక నీళ్ల మీద మెరిసే పొర తేలింది. తెల్ల పర్షియన్ పిల్లి దువ్వెనకి వచ్చిన రాలు వెంట్రుకల్ని రెండు భాగాలు చేసి, ఒకటి పాతదాంతో, ఒకటి కొత్తదాంతో కడిగి ఆరబెట్టి చూశాం. పాతదాంతో కడిగిన కుచ్చు వేళ్ల మధ్య నొక్కి వదిలితే మళ్లీ పొంగింది. రెండోది నొక్కినచోటే అణిగిపోయి పాయలుగా విడిపోయింది. టిష్యూ కాగితం వేసి అదిమితే మచ్చ కూడా పడింది. జిడ్డు తీయాల్సిన పేస్టే జిడ్డు వదిలిపెడుతోందన్నమాట.

పట్టుబట్టి అడిగితే చివరికి పదార్థాల జాబితా పంపారు. కొత్తగా చేరినవి రెండు. ఒకటి టీ ట్రీ ఆయిల్ అనే ఘాటైన ఆకు నూనె, రెండోది డైమెథికోన్ అనే సిలికాన్.

టీ ట్రీ ఆయిల్ విషయంలో మాకు ఆలోచించాల్సిందే కనబడలేదు. ఇలాంటి నూనెల్లోని టర్పీన్‌లు, ఫినాల్ జాతి పదార్థాలు ఒంట్లో చేరితే వాటిని విరిచి బయటికి పంపడంలో కాలేయం చేసే గ్లూకురోనిడేషన్‌ది పెద్ద పాత్ర. పిల్లుల్లో ఆ పని చాలా బలహీనం. మనిషికో కుక్కకో పెద్దగా అంటని మోతాదు పిల్లి ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది. పైగా ఇది చర్మం గుండా లోపలికి పోతుంది, ఒళ్లు నాక్కున్నప్పుడు నోటి గుండానూ పోతుంది. తీవ్రమైన కేసులు ఎక్కువగా పలచన చేయని నూనె వల్లే వచ్చాయన్నది నిజమే. ఈ పేస్ట్‌లో అది ఎంత శాతం ఉందో చెప్పమంటే సప్లయర్ ససేమిరా అన్నారు. శాతం చెప్పని టీ ట్రీ ఆయిల్‌ని, మొదళ్లదాకా పట్టించి ఐదు నిమిషాలు ఉంచే సరుకులో పెట్టి మీకు ఇవ్వలేం. "కుక్కలకి వాడేవాళ్లెవరూ అడగలేదు, మీరొక్కరే గొడవ చేస్తున్నారు" అన్నారు. ఆ మాట మాకు బాగా తగిలింది. మేం అమ్మేది పిల్లులకి. కుక్క చర్మం మీద పని చేసిందన్నది పిల్లి దగ్గర సమాధానం కాదు.

అసలు తర్జనభర్జన పడింది సిలికాన్ దగ్గర. టీ ట్రీ తీసేసి సిలికాన్ ఉంచి పంపుతామన్నారు సప్లయర్. సిలికాన్ విషం కాదు, మనుషుల కండిషనర్లు చాలావాటిలో ఉండేదే. మెయిన్ కూన్, బర్మన్ జాతుల పొడవు బొచ్చు పిల్లుల్ని పెంచే కొందరు పాత కస్టమర్లు కూడా "మా పిల్లులకి అది ఉంటేనే బాగుంటుంది, తెప్పించండి" అన్నారు. వాళ్ల మాటలో పస ఉంది. జారుగా, మెత్తగా పడాల్సిన బొచ్చు మొదటి స్నానానికి నిజంగానే మెరుస్తుంది. తెప్పిస్తే మా అమ్మకాలూ ఆగేవి కావు. అయినా వద్దనుకున్నాం.

ఎందుకంటే డైమెథికోన్ నీళ్లలో కరగదు. వెంట్రుక చుట్టూ పొరగా నిలబడి, మామూలు కడుగుడికి పూర్తిగా పోదు. తర్వాతి స్నానంలో దాని మీద ఇంకో పొర. మూడో స్నానానికి బొచ్చు బరువెక్కి, గాల్లో దుమ్మూ మీరు చల్లిన కార్న్‌ఫ్లోరూ అన్నీ దానికే అంటుకుంటాయి. అమెరికా పిల్లుల సంఘం సీఎఫ్ఏ జాతి ప్రమాణంలో పర్షియన్‌కి బొచ్చు కోసం 10 పాయింట్లు. బ్రిటిష్ షార్ట్‌హెయిర్‌కి 20, అందులో లెక్కకొచ్చేవి స్పర్శ, పొడవు, ఒత్తుదనం. బ్రిటిష్ బొచ్చు అరచేతికి గట్టిగా, బిరుసుగా తగలాలి. జడ్జి వేళ్లు బొచ్చుకు ఎదురుగా తోసినప్పుడు అది విడివిడిగా నిలబడాలి. సిలికాన్ పట్టిన బొచ్చు జారి పక్కకి పడుకుంటుంది. పిల్లిని బల్ల మీదికి తెచ్చి చూసే రింగు షో అయినా, జడ్జే పంజరం దగ్గరికొచ్చే జీసీసీఎఫ్ (బ్రిటన్ పిల్లుల సంఘం) పద్ధతి షో అయినా, ఆ తేడా జడ్జి చేతికి తెలుస్తుంది. నెలల తరబడి పెంచిన అండర్‌కోట్ (లోపలి మెత్తటి బొచ్చు) ఆ ఒక్క పొర కింద అణిగిపోతే చూస్తూ ఊరుకోలేం. "ఏమీ మిగల్చదు" అని లేబుల్ మీద రాసి అమ్మాం. మిగిల్చే సరుకు ఆ లేబుల్ కింద రాదు. కొత్త పేరు పెట్టి కొన్ని జాతులకే అమ్మండన్న సలహా కూడా వచ్చింది. డబ్బా ఇంట్లో ఉంటే ఏ పిల్లికైనా వాడతారు, ఆ దారీ వద్దనుకున్నాం. కొందరికి ఇది మొండితనంగా అనిపించవచ్చు. అనిపించినా మారం.

ఇంకో చోట సరైన పేస్ట్ దొరికేవరకు ఏం చేయాలన్నది మీ అసలు ప్రశ్న. పేస్ట్ లేకుండానే జిడ్డు తీయవచ్చు, పని కాస్త పెరుగుతుంది, అంతే.

స్నానానికి ముందు పొడి బొచ్చునే మొదళ్లదాకా పాయ పాయగా దువ్వండి. ఉండలేమైనా ఉంటే ఇప్పుడే విడదీయాలి, తడిస్తే ఇంకా బిగుసుకుంటాయి. జిడ్డు ఎక్కువగా చేరే చోట్లు చెవుల వెనక, మెడ చుట్టూ, చంకలు, తోక మొదలు. అక్కడ కార్న్‌ఫ్లోర్ మొదళ్లకి అంటేలా వేళ్లతో పట్టించి ఇరవై నిమిషాలు ఉంచి, దువ్వి దులిపేయండి. పిండి మొహం మీద పడనివ్వకండి, పిల్లి పీల్చకూడదు. టాల్కం పౌడర్ అసలే వద్దు. తర్వాత వాసన లేని, రంగు లేని, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక వంతుకి పది వంతుల నీళ్లు కలిపి జిడ్డు చోట్లకి మాత్రం పోయండి. నీళ్లు పిల్లి ఒంటి వేడికి దగ్గరగా, 38 డిగ్రీల దాకా ఉండాలి. చల్లటి నీళ్లకి జిడ్డు కదలదు. రెండు నిమిషాలు మెత్తగా నలిపి కడిగేసి, ఒళ్లంతా మామూలు పిల్లుల షాంపూతో ఒకసారి కడగండి. ఆఖరి కడుగుడుకి లీటరు నీళ్లకి ఒక టేబుల్ స్పూను తెల్ల వెనిగర్ కలిపి, కళ్లకి తగలకుండా పోసి, మంచి నీళ్లతో ముగించండి. తడి బొచ్చుని వేళ్ల మధ్య లాగితే కిర్రుమనాలి. అనకపోతే ఇంకా ఏదో మిగిలిందని అర్థం, మళ్లీ కడగాలి. చాలామంది స్నానం చెడేది షాంపూ దగ్గర కాదు, కడగడం తొందరగా ఆపేయడం దగ్గర.

ఆరబెట్టడం గురించి ఒక్క మాట. పొడవు బొచ్చు పిల్లిని సగం ఆరాక వదిలేస్తే బొచ్చు వంకర్లు తిరుగుతుంది. బ్లోయర్ వేడి తక్కువలో పెట్టి, దువ్వెనతో మొదలు నుంచి పైకెత్తుతూ, పొట్ట కిందా తొడల వెనకా చర్మం కనబడేలా విడదీసి తడి లేదని చూసుకునేవరకూ ఆపకండి.

తోక మొదట్లో నల్ల చుక్కలతో, మైనంలా జిడ్డు పేరుకునే స్టడ్ టెయిల్ ఉన్న పిల్లులకి ఈ పద్ధతి ఒక్క స్నానంతో సరిపోదు. గట్టిగా రుద్దేస్తే పోతుందనుకోకండి. అక్కడ వెంట్రుక తెగి బోడి మచ్చ పడుతుంది, అది జిడ్డుకంటే ముందు జడ్జి కంట్లో పడుతుంది. షోకి ఆరు వారాల ముందు మొదలుపెట్టి, రెండు వారాలకొకసారి, ఆ ఒక్క చోటే మెత్తగా కడుగుతూ రండి. చర్మం ఎర్రబడి చీము కనిపిస్తే షో సంగతి పక్కన పెట్టి పశువైద్యుడికి చూపించాలి.

ఏ జాతికి షోకి ఎన్ని రోజుల ముందు స్నానం అన్నది పేస్ట్ మారినంత మాత్రాన మారదు. పర్షియన్‌కి ముందురోజు. మెయిన్ కూన్, నార్వేజియన్‌లకి రెండు మూడు రోజుల ముందు. నార్వేజియన్ పై బొచ్చు నీళ్లని ఆపే సహజమైన నూనెతో ఉంటుంది, దాన్ని మొత్తం లాగేయకండి. బ్రిటిష్‌కి మూడు నాలుగు రోజుల ముందు, కండిషనర్ వద్దు. సయామీస్, ఓరియంటల్‌లకి నాలుగైదు రోజుల ముందు కడిగి, షో రోజు కొద్దిగా తడిపిన షామీ తోలుతో తల నుంచి తోకకి తుడిస్తే చాలు. బొచ్చు లేని స్ఫింక్స్‌కి ముందురోజు రాత్రి, చెవుల్లో గుబిలీ గోళ్ల మొదళ్లలో మురికీ మర్చిపోకుండా. అయినా మీ పిల్లి బొచ్చు మీ పిల్లిదే. షోకి నెల ముందు ఒకసారి ఇదే వరసలో కడిగి, ఎన్నో రోజుకి బొచ్చు బాగా కుదిరిందో రాసి పెట్టుకోండి. కొత్త పద్ధతిని షో ముందురోజు మొదటిసారి చేయకండి.

తెల్ల పిల్లుల వాళ్లు కొందరు బొచ్చు మీది పసుపు మరకలు కప్పడానికి చాక్ (సుద్దపొడి) తెప్పించమంటున్నారు. తెప్పించం. రంగు వేయడం, లోపాన్ని కప్పడం సీఎఫ్ఏ నిబంధనల్లో నిషేధం. జీసీసీఎఫ్ షోలో బొచ్చులో పౌడర్ మిగలకూడదు. కార్న్‌ఫ్లోర్ కూడా ఇంట్లోనే పూర్తిగా పోవాలి.

హౌస్‌హోల్డ్ పెట్ (మామూలు ఇంటి పిల్లుల) విభాగంలో పెట్టేవాళ్లకి వేరుగా చెప్పాలి. మీలో చాలామందికి అసలు జిడ్డు పేస్ట్ అక్కర్లేదు. సీఎఫ్ఏలోనూ, టి.ఐ.సి.ఏ. అనే ఇంకో పిల్లుల సంఘంలోనూ ఎనిమిది నెలలు నిండిన హౌస్‌హోల్డ్ పెట్‌కి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఉండాలి, జాతి ప్రమాణమంటూ ఏదీ ఉండదు. జడ్జి చూసేది ఆరోగ్యం, శుభ్రత, అందం, స్వభావం. పొట్టి బొచ్చు ఇంటి పిల్లికి షోకి మూడు రోజుల ముందు ఒక మామూలు స్నానం, శుభ్రమైన చెవులు, కళ్ల మూలల్లో తడి గుడ్డతో తుడుపు, నాలుగు కాళ్ల గోళ్లూ కత్తిరించడం చాలు. గోళ్లు ఏ పిల్లికైనా షోకి వెళ్లే ముందే కత్తిరించాలి, మొనలు మాత్రమే, లోపలి గులాబీ రంగు భాగం జోలికి పోకుండా. పేస్ట్ లేదని ఎవరూ ఎంట్రీ మానుకోకండి.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న డబ్బాల సంగతి. మూత తీసి వాసన చూడండి. వాసన లేకపోతే అది పాత లాటు, ఎప్పటిలాగే వాడుకోండి. మందు వాసన వస్తే తిప్పి పంపండి, సగం వాడినా మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాం. రవాణా ఖర్చు మాదే. సప్లయర్ మాకు ఇస్తారా లేదా అన్నదానితో మీకు సంబంధం లేదు.

కొత్త లాటు ఇప్పటికే పట్టించి ఉంటే, పిల్లి మామూలుగా ఉన్నా సరే, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లతో ఒకసారి బాగా కడిగి, ఆరబెట్టి, వెచ్చగా ఉంచండి. చొంగ కారడం, తూలడం, వెనక కాళ్లు బలహీనపడటం, వణుకు, ఒళ్లు చల్లబడటం, మందకొడిగా పడుకోవడం, వీటిలో ఏది కనిపించినా డబ్బా చేతపట్టుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు. మాకూ తెలియజేయండి.

దువ్వెనలు, గోళ్ల కత్తెరలు, పంజరం తెరలు, జీసీసీఎఫ్ షోలకి కావాల్సిన తెల్ల దుప్పట్లూ ట్రేలూ నీళ్ల గిన్నెలూ ఎప్పటిలాగే ఉన్నాయి. కొత్త పేస్ట్ కోసం వేరే తయారీదారుతో మాట్లాడుతున్నాం. పూర్తి పదార్థాల జాబితా, ప్రతిదాని శాతం కాగితం మీద ఇచ్చాకే నమూనా తీసుకుంటాం. ఆ జాబితా డబ్బా మీద కూడా వేస్తాం. ఎప్పటికి వస్తుందో తేదీ చెప్పడం లేదు, ఈ సీజనుకి లేదనే అనుకుని మీ స్నానాలు ప్లాన్ చేసుకోండి. మీ పిల్లి జాతి, బొచ్చు పొడవు, షో తేదీ రాసి పంపితే ఏ రోజు ఏం చేయాలో వరసగా రాసి ఇస్తాం. మా దగ్గర ఏమీ కొనకపోయినా సరే.